ఫంక్ రిథమ్: కుడిచేయి ఆగకుండా ఊగాల్సిందేనా?

పదహారో_గడి
గిటార్ మీద ఫంక్ (లయే ప్రధానంగా సాగే అమెరికన్ సంగీతం) నేర్పేవాళ్లు దాదాపు అందరూ మొదట చెప్పేది ఒకటే: బీటుని నాలుగు గళ్లు చేసి, గడికి ఒక ఊపు చొప్పున కుడిచేయి కిందికీ పైకీ ఊగుతూనే ఉండాలి, మోగాల్సిన చోట మాత్రమే తీగలకు తగలాలి. పోయిన వారం పిక్‌ల (తీగలు మీటే చిన్న బిళ్లల) చర్చలో ‘సన్నతీగ’ గారు దీన్ని కొట్టిపారేశారు. మోగని చోట చెయ్యి ఊపడం వృథా అని, అనవసరపు గీకుళ్లు రావడానికీ వేగం పెరగకపోవడానికీ అదే కారణమని అన్నారు. 100 నుంచి 125 బీపీఎం (నిమిషానికి బీట్లు) మధ్య వాయించేవాళ్లకు ఏది పనికొస్తుంది? కారణాలతో చెప్పండి. ‘ఫీల్ ఉంటే చాలు బ్రో’ లాంటివి వద్దు.

తకధిమి_స్ట్రాట్
ఆగకూడదు. 110 బీపీఎంలో ఒక బీటు 545 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 136. ఆగిన చేతిని సరిగ్గా ఆ 136 గడిలో మళ్లీ కదిలించాలంటే ప్రతిసారీ అంచనా వేసుకోవాలి. ఊగే చేతికి ఆ బాధ లేదు. బీటులో 1, 3 గళ్లు ఎప్పుడూ డౌన్, 2, 4 ఎప్పుడూ అప్.

మృదంగం విన్న చెవులకు ఇది కొత్తేమీ కాదు. చతురశ్ర గతిలో (బీటుకి నాలుగు అక్షరాల నడకలో) తకధిమి అనుకుంటూ త, ధి దగ్గర డౌన్, క, మి దగ్గర అప్ వేయండి. అది కుదిరాక అసలు పరీక్ష: బార్‌లో నాలుగు బీట్లు, అంటే 16 గళ్లు కదా, నోటితో తకిట నాలుగుసార్లు, చివర తకధిమి ఒకసారి అనండి. ప్రతి ‘త’ దగ్గర కార్డ్ (కలిపి మోగే స్వరాలు), మిగతావన్నీ మ్యూట్ (స్వరం రాకుండా తీగలు ఆపి కొట్టడం). కార్డ్ పడేది 1, 4, 7, 10, 13 గళ్లలో. ఇక్కడ స్ట్రోకు అక్షరాన్ని బట్టి కాదు, గడిని బట్టి: డౌన్, అప్, డౌన్, అప్, డౌన్. ఇదే ప్యాటర్న్‌ని ఆగి ఆగి, అన్నీ డౌన్లతో కొట్టి చూడండి. 4, 10 గళ్లు ముందుకు జారిపోతాయి.

సన్నతీగ
లెక్క బాగానే ఉంది. కానీ ఊగే చేతికి ఒక దురలవాటు ఉంది: ఖాళీ గడి వదలదు. ఎలాగూ పోతున్నా కదా అని గీకేస్తుంది. డ్రమ్మర్ హై-హ్యాట్ (జంట తాళాలు) మీద ఎలాగూ 16లు, అంటే గడికొక దెబ్బ, వేస్తుంటాడు. దాని మీద గిటార్ కూడా పదహారూ గీకితే రేకు మీద ఇసుక పోసినట్టు ఉంటుంది, కార్డ్ ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు.

ఇంకొకటి. ఫంక్ అంటే కార్డ్ స్ట్రమ్మింగ్ ఒక్కటే కాదు. ద మీటర్స్ బ్యాండ్ 1969లో విడుదల చేసిన ‘సిస్సీ స్ట్రట్’లో లియో నోసెంటెల్లి వాయించింది సింగిల్ నోట్ రిఫ్, అంటే ఒక్కో స్వరంగా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీ. అలాంటి దానికి ముంజేయి మొత్తం ఊపుతూ కూర్చుంటే పక్క తీగ తగలక మానదు.

కార్డ్_వదలకు
మీరిద్దరూ వేర్వేరు విషయాల గురించి కొట్టుకుంటున్నారు. చెయ్యి ఊగడం వేరు, తీగ గీకడం వేరు. గడిలో పడే స్ట్రోకు మూడు రకాలు: మోత (కార్డ్ మోగడం), గీకుడు (ఆపిన తీగ ‘చిక్’ అనడం), గాలి (తీగకు తగలకపోవడం). మోతా గీకుడా అన్నది ఎడమచేయి తేలుస్తుంది. గీకుడా గాలా అన్నది కుడిచేయి తేలుస్తుంది. జనం మొదటి రెండే సాధన చేసి మూడోది వదిలేస్తారు. సన్నతీగ గారు చెప్పిన ఇసుక అక్కడి నుంచే వస్తుంది.

గాలి స్ట్రోకుకి విడిగా సాధన కావాలి. మెట్రోనోమ్ (బీటుకి క్లిక్ కొట్టే సాధనం) 70 బీపీఎంలో పెట్టండి. ఎడమచేతి వేళ్లు తీగలన్నిటి మీద ఊరికే ఆనించి ఉంచండి. మొదటి బార్‌లో పదహారూ గీకండి. రెండో బార్‌లో ప్రతి బీటుకీ మొదటి గడి మాత్రమే. మూడో బార్‌లో నాలుగో గడి మాత్రమే. కష్టమంతా ఈ మూడో బార్‌లోనే, ఎందుకంటే పిక్ తీగలకు తగలకుండా కిందికి దిగి, పైకి వచ్చేటప్పుడు మాత్రమే తగలాలి. మణికట్టుని కొంచెం బయటికి తిప్పి పిక్ మొనని తీగల నుంచి ఓ సెంటీమీటరు ఎత్తితే చాలు. మోచేతిని పక్కకు లాగి తప్పించుకుంటే వేగం పెరగగానే దొరికిపోతారు.

ఎడమచేతి సంగతి కూడా. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర గిటారిస్ట్ జిమ్మీ నోలెన్ వాయించిన ‘చికెన్ స్క్రాచ్’లో కిటుకంతా నొక్కి వెంటనే వదలడమే. వదలడమంటే వేళ్లు తీగ మీంచి ఎత్తేయడం కాదు, ఒత్తిడి తీసేయడం. ఫంక్‌లో అందరూ మొదట పట్టే ఈ-నైన్త్ కార్డ్ చూడండి: 5వ తీగ 7వ ఫ్రెట్ మధ్యవేలు, 4వ తీగ 6వ ఫ్రెట్ చూపుడువేలు, సన్నటి మూడు తీగలూ 7వ ఫ్రెట్ దగ్గర ఉంగరపు వేలు పడుకోబెట్టి. ఒత్తిడి తీయగానే ‘చిక్’ అనాల్సింది ‘టింగ్’ అంటుంది. 7వ ఫ్రెట్ మీద వేలు ఒక్కచోటే తేలిగ్గా ఆనితే హార్మోనిక్ (గంటలాంటి సన్నటి స్వరం) మోగుతుంది, 5, 12 దగ్గరా అంతే. చూపుడువేలిని కొంచెం వాల్చి దాని అడుగు భాగం కూడా ఆ సన్నటి తీగలకు ఆనించండి. రెండుచోట్ల ఆనితే టింగ్ చచ్చిపోతుంది. చాలామంది దీన్ని కుడిచేతి తప్పనుకుని పిక్‌లు మారుస్తుంటారు.

సన్నతీగ
మోత, గీకుడు, గాలి విభజన ఒప్పుకుంటున్నా. కానీ బార్‌లో రెండే కార్డులు పడే పార్ట్ ఉంది, 2, 4 బీట్ల మీద ఒక్కో ‘చాంక్’. అక్కడ మిగతా 14 గళ్లూ గాలిలో ఊపడం దేనికి? చెయ్యి బిగుసుకుపోవడం తప్ప లాభం లేదు.

తకధిమి_స్ట్రాట్
బిగుసుకుంటోందంటే ఊపు వెడల్పు ఎక్కువైందని అర్థం. స్ట్రాట్‌లో (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో) సన్నటి మూడు తీగలూ కలిపి ఆక్రమించే వెడల్పు బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) దగ్గర సుమారు 2 సెంటీమీటర్లు. కొట్టాల్సింది అంతే అయితే చెయ్యి ఆరు తీగలూ దాటి వెళ్లడం ఎందుకు? 126 బీపీఎంలో గడికి 119 మిల్లీసెకన్లే ఉంటాయి, వేగం పెరిగేకొద్దీ ఊపు కుదించాలి. పిక్ మొన వేళ్ల నుంచి 3, 4 మిల్లీమీటర్లకు మించి బయటికి ఉండకూడదు, లేకపోతే అప్ స్ట్రోకులో కొక్కెంలా తగులుకుంటుంది. మందం 0.60 నుంచి 0.73 వరకు సరిపోతుంది. 1 మిల్లీమీటరు పిక్‌తో వాయించేవాళ్లూ ఉన్నారు, కానీ వాళ్ల పట్టు వదులుగా ఉంటుంది.

ఫంక్ గిటారిస్ట్ నైల్ రాడ్జర్స్ వీడియో ఏదైనా శబ్దం తీసేసి చూడండి. చెయ్యి మాత్రమే చూసి మోత ఎక్కడ పడిందో చెప్పలేరు.

క్లిక్_శత్రువు
టెంపో గురించి ఎవరూ మాట్లాడట్లేదే. ‘నెమ్మదిగా మొదలుపెట్టు’ అన్న సలహా ఇక్కడ సగమే నిజం. 50 బీపీఎంలో గడి 300 మిల్లీసెకన్లు. ఆ నిదానానికి చెయ్యి ఊగదు, ఒక్కో స్ట్రోకు చివర ఆగుతుంది. అంటే నేర్చుకునేది ఊపు కాదు, ఆగడం. దానికన్నా 100లోనే ఒక్క బీటు, నాలుగు గళ్లు వాయించి, ఆ వెంటనే వచ్చే డౌన్‌తో ముగించండి. మిగతా బార్ విశ్రాంతి. కుదిరాక రెండు బీట్లు, తర్వాత మూడు. క్లిక్‌ని 2, 4 మీదికి మార్చడం ఆ తర్వాతి మాట.

పదహారో_గడి
మరి ఆ 2, 4 ‘చాంక్’ పార్ట్‌కి చెయ్యి ఊపాలా వద్దా? అది తేల్లేదు.

కార్డ్_వదలకు
అలాంటి పార్ట్‌లో ఊపుని సగానికి తగ్గించొచ్చు. 16లు మానేసి 8లు (బీటుకి రెండే ఊపులు), బీటు మీద డౌన్, మధ్యలో అప్. చెయ్యి ఆగనూ ఆగదు, అలసటా ఉండదు.

సన్నతీగ
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదండీ, పార్ట్ ఎంత అడిగితే అంతే ఊపు.

తకధిమి_స్ట్రాట్
కాదు, ఇక్కడే గోతిలో పడతారు. 8లలో ‘ధి’ గడికి అప్ వస్తుంది, 16లలో అదే గడికి డౌన్. నాలుగు బార్ల తర్వాత 16ల ఫిల్ (మధ్యలో వచ్చే చిన్న అలంకార ముక్క) వస్తే దిశ తలకిందులవుతుంది, మొదటి రెండు గళ్లు తడబడతాయి. పాటంతా ‘చాంక్’ అయితే 8లు సరే. మధ్యలో ఒక్క ఫిల్ ఉన్నా 16లే.

సన్నతీగ
ఫిల్‌కి ముందు ఒక్క బీటులో 16లకి మారితే సరిపోతుంది. దానికోసం పాటంతా ఊపక్కర్లేదు.

క్లిక్_శత్రువు
వాదన ఎందుకు, కొలవండి. 110లో ‘చాంక్’ మూడు బార్లు, 16ల ఫిల్ ఒక బార్, ఇలా ఎనిమిదిసార్లు రెండు పద్ధతుల్లోనూ రికార్డ్ చేయండి. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెడితే గడికి దాదాపు 33 ఫ్రేములు వస్తాయి. చూడాల్సింది ఫిల్‌లో మొదటి అప్ స్ట్రోకు. దానికి ముందున్న డౌన్ నుంచి లెక్కిస్తే అది 33వ ఫ్రేము దగ్గర కాకుండా 25 దగ్గరే పడుతుంటే ఆ పద్ధతి మీ చేతికి కుదరలేదు. ఆడియో కూడా పెట్టండి, ఇద్దరివీ విందాం.