మేస్త్రీకి బాకీ ఉండగా "అప్పు లేకుండా ఇల్లు కట్టాం" అని సాక్ష్యం చెప్పొచ్చా?

బోడుప్పల్ కోడలు

అందరికీ ప్రభువు పేరట వందనాలు. వాక్యం తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఆలోచించి చెప్పండి.

మేం బోడుప్పల్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. వచ్చే శనివారం కృతజ్ఞత కూడిక. కార్డుల మీద 127వ కీర్తన మొదటి వచనం వేయించారు: "యెహోవా ఇల్లు కట్టించనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే." షామియానా, మటన్ బిర్యానీ, ఫ్లెక్సీ అన్నిటికీ అడ్వాన్సులు ఇచ్చేశారు. పాస్టరు అయ్యగారి వాక్యానికి ముందు, దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఏం చెప్పాలో కూడా మామయ్యగారే చెప్పారు: "రూపాయి అప్పు లేకుండా దేవుడు ఇల్లు కట్టించాడని చెప్పమ్మా, విన్నవాళ్ళ విశ్వాసం బలపడుతుంది."

బ్యాంకు అప్పు లేని మాట నిజమే. టైల్స్ మేస్త్రీకి మాత్రం 38,000 బాకీ ఉన్నాం. పాలమూరు నుంచి భార్యనీ తమ్ముణ్ణీ తెచ్చుకుని, మా పక్క ఖాళీ ప్లాటులో రేకుల షెడ్డు వేసుకుని చేశాడు మా పనంతా. బాత్రూమ్‌లో వాలు సరిగ్గా రాలేదని మామయ్యగారు చివరి బిల్లు ఆపారు. అతను పగలగొట్టి మళ్ళీ వేశాడు. నేనే బకెట్టు నీళ్ళు పోసి చూశాను, చుక్క నిలవలేదు. అయినా "కూడిక ఖర్చులు తేలాక చూద్దాం" అంటున్నారు. అతను గేటు దగ్గరికి వస్తే "మామయ్యగారు ప్రార్థనలో ఉన్నారు" అని నాతో చెప్పిస్తున్నారు. ఆయన నిజంగానే ప్రార్థనలో ఉంటారు. నాకు ఎక్కువ బాధ అక్కడే.

ఆయన చెడ్డమనిషి కాదండి. సంఘంలో పెద్ద. తెల్లారకముందే లేచి ఇంటిల్లిపాది పేర్లూ పెట్టి ప్రార్థిస్తారు. మా పాపకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయిన రాత్రి హాస్పిటల్ వరండాలో మోకాళ్ళ మీదే ఉన్నారు. ఆ మనిషే కూలి డబ్బు దగ్గర ఇలా ఎలా ఉంటారో నాకు అర్థం కావడం లేదు. ఆ మాట మైకులో నా నోటితో చెప్పలేను. చెప్పనంటే పండగ ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?

చిలకలగూడ రైల్వే తాతయ్య

అమ్మా, యిర్మీయా గ్రంథం 22వ అధ్యాయం 13 నుంచి 16 వరకు ఒకసారి తీసి చదువు. నీ ప్రశ్న అక్కడ అచ్చంగా ఉంది. యెహోయాకీము రాజు మేడ కట్టించాడు. పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు పూత. పనివాళ్ళకు మాత్రం జీతం ఇవ్వలేదు. వాడికి శ్రమ తప్పదు అంటాడు ప్రవక్త. ఆ వెంటనే వాళ్ళ నాన్న యోషీయాను గుర్తు చేస్తాడు. ఆయనా అన్నపానాలు అనుభవించినవాడే, కానీ దీనులకూ దరిద్రులకూ న్యాయం చేశాడు. నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని దేవుడు అడుగుతున్నాడు. నేను చాలా ఏళ్ళు ఈ వచనం దాటుకుంటూ వెళ్ళిన ప్రసంగాలే విన్నాను. గృహప్రతిష్ఠల్లో 127వ కీర్తనతో పాటు దీన్నీ చదవాలని నా కోరిక.

లేవీయకాండం 19:13 అయితే కూలివాడి కూలి తెల్లవారేదాకా కూడా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. యాకోబు 5:4లో బిగబట్టిన కూలే మొరపెడుతుంది. మీ మామగారి ప్రార్థన చేరే చెవికే ఆ మొరా చేరుతుంది తల్లీ.

మాది మెదక్ వైపు. అక్కడి పెద్ద చర్చి 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. కరువులో జనం అల్లాడుతుంటే మిషనరీ పోస్నెట్ దొరగారు పనికి తిండి పెట్టి కట్టించారు. మా ఊళ్ళలో ఆ గోపురం ఎత్తు గురించి ఎంత చెప్పుకుంటారో, ఆ అన్నం గురించీ అంతే చెప్పుకుంటారు. కట్టినవాడి కడుపు నిండితేనే అది దేవుని ఇల్లు అనిపించుకుంది. మీ ఇల్లూ అంతే. నువ్వు ఆ అబద్ధం చెప్పొద్దు.

కూకట్‌పల్లి యూత్ బ్రదర్

తాతయ్యగారూ, మీరు చెప్పిన వాక్యాలు సరైనవే. కానీ సిస్టర్, అవి తీసుకెళ్ళి మామగారి ముందు చదవకండి. ఆయన మీకంటే ఎక్కువసార్లు చదివే ఉంటారు. కోడలు బైబిల్ తెరిచి నిలదీసిందనే మాట మిగులుతుంది, మేస్త్రీ సంగతి పక్కకి పోతుంది.

మత్తయి 18:15లో ప్రభువు ముందు ఒంటరిగా మాట్లాడమన్నాడు. మీ ఆయన చేత మాట్లాడించండి. తండ్రీకొడుకులు ఇద్దరే, టీ తాగే టైములో. లెక్క కాగితం చేతిలో ఉండాలి: ఎంత ఒప్పుకున్నాం, ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది. "వాలు సరిచేశాడు నాన్నా, నేను చూశాను" అనాలి. అందుకని ముందు మీ ఆయన్ని కూడా ఒకసారి నీళ్ళు పోసి చూడమనండి.

ముషీరాబాద్ నర్సు

నాకు ఇద్దరి మాటా నచ్చింది గానీ, ఒక్కటి చెప్పాలి. సాక్ష్యం మానేయొద్దు చెల్లీ. నిజమైనది చెప్పు. పాప ప్లేట్‌లెట్లు పడిపోయిన రాత్రి ఉంది కదా, అది చెప్పు. మామగారు మోకాళ్ళ మీద ఉన్నది చెప్పు. "అప్పు లేకుండా" అన్న ముక్క వదిలెయ్, ఎందుకు వదిలేశావో ఆయనకి తెలుస్తుంది.

ఇంకోటి. నీ బంగారం అమ్మి చాటుగా కట్టెయ్యాలని అనిపిస్తుందేమో, చెయ్యకు. మేస్త్రీకి డబ్బు అందుతుంది గానీ మామగారి మనసు అక్కడే ఉండిపోతుంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది తన చేత్తో తిరిగి ఇస్తానన్నాకే కదా "నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది" అన్నాడు ప్రభువు.

భోజనాలకి ఆ మేస్త్రీని, భార్యని, తమ్ముణ్ణి పిలవండి. మిగిలిన తిండి పొట్లం కట్టి ఇవ్వడం కాదు, బంతిలో కూర్చోబెట్టి వడ్డించాలి. నేను గోల్కొండ చౌరస్తా హెబ్రోను కూడికల్లో పెరిగాను. ప్రేమ విందులో, అంటే కూడిక తర్వాత అందరూ కలిసి తినే భోజనంలో, ఆఫీసరూ రిక్షా తొక్కేవాడూ ఒకే వరసలో నేల మీద కూర్చునేవాళ్ళు. భక్తి అంటే చిన్నప్పుడు నా కళ్ళకి కనపడింది అదే. అయితే పిలుపు కన్నా ముందు బాకీ తీరాలి. బాకీ పెట్టుకుని బిర్యానీ పెడితే అతనికి ముద్ద దిగదు.

బోడుప్పల్ కోడలు

అందరికీ చాలా కృతజ్ఞతలు. మా ఆయన నిన్న సాయంత్రం బాత్రూమ్‌లో నీళ్ళు పోసి చూసుకుని, తర్వాత మాట్లాడారు. మామయ్యగారు మొదట కోప్పడ్డారు, "నాకు లెక్కలు నేర్పుతున్నావా" అన్నారు. చాలాసేపటికి డైరీ తెమ్మన్నారు. ఇవాళ పొద్దున మేస్త్రీని లోపలికే పిలిచి, కుర్చీ వేసి, 20,000 ఇచ్చారు. మిగతాది కూడిక అయ్యాక సోమవారం ఇస్తానన్నారు. భోజనానికి కూడా ఆయనే పిలిచారు. అతను తలూపాడు గానీ వస్తాడో రాడో.

సాక్ష్యం పాప గురించే చెబుతాను, అత్తయ్యకి చెప్పేశాను, ఆమె సరేనన్నారు. ఆ 18,000 సంగతి ఇక సోమవారం దాకా ఊరుకోవాలా, మళ్ళీ అడిగించాలా?

చిలకలగూడ రైల్వే తాతయ్య

అడిగించు. శనివారం లోపే. ఫ్లెక్సీ మానేస్తే కొంత వస్తుంది, మిగతాది మీ ఆయన జీతంలోంచి తండ్రి చేతికిచ్చి, ఆయన చేతనే ఇప్పించండి. ఆయన ఇవాళ కుర్చీ వేశారంటే, అడిగితే వింటారు.