దీర్ఘచతురస్రంలో ‘అస్రం’ అంటే ఏమిటి?

మా అమ్మాయికి లెక్కలు చెబుతుంటే అడిగింది: “సమాంతర చతుర్భుజంలో భుజం ఉంది, సరే. దీర్ఘచతురస్రంలో అస్రం ఏంటి, బాణమా?” బాణం కాదని మాత్రం చెప్పగలిగాను. ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి.

— బాణమైతే త ఒత్తు ఉండాలి కదండీ! అశ్రం, అస్రం అంటే మూల. చతుర్ + అశ్రం, నాలుగు మూలలున్నది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత సంస్కృత గ్రంథాలు శుల్బసూత్రాల్లో సమచతురశ్రం, దీర్ఘచతురశ్రం అని రెండూ కనిపిస్తాయి. మనం మొదటిదాంట్లో ‘సమ’ వదిలేసి ఉత్త చతురస్రం అంటున్నాం. ‘శ్ర’ రాసినా ‘స్ర’ రాసినా తప్పు లేదు. త్రిభుజం అన్నా త్రికోణం అన్నా బొమ్మ ఒకటే చూడండి, ఒకరు భుజాలు లెక్కపెట్టారు, ఇంకొకరు మూలలు.

— భలే. అయితే అసలు చిక్కు కూడా చెప్తాను. సమాంతర చతుర్భుజంలో ఒక్క కోణం 90 డిగ్రీలని ఇచ్చి, దీర్ఘచతురస్రమా కాదా అన్నారు. మిగతా మూడూ ఇవ్వలేదు.

— ఒక్కటి చాలండీ. పక్కపక్క కోణాలు కలిపితే 180, కాబట్టి పక్కది కూడా 90. ఎదురెదురువి ఎలాగూ సమానం. అసలు డిగ్రీలే ఇవ్వకుండా, పక్కపక్క కోణాలు రెండూ సమానం అన్నా తేలిపోతుంది. పిల్లలు బోల్తా పడేది ఎదుటి కోణాల దగ్గర. అవి సమానమంటే ఏమీ తేలదు. 70, 110, 70, 110 ఉన్న వాలు బొమ్మలోనూ సమానమే. మామూలు చతుర్భుజమైతే మాత్రం ఒక మూల చాలదు, మూడు మూలలు చూడాలి.

— చిన్న మాట. జామెట్రీ బాక్సులో ఉండే మూలమట్టం పేరులోనే ఈ పని ఉంది. లంబకోణం ఉన్న మూలను ఒక్క చోట ఆనించి చూడమనండి.

— ఆనించింది, సరిపోయింది. వెంటనే ఇంకోటి: “చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనట, మరి అందులో దీర్ఘం ఏది?”

— అందులో దీర్ఘం లేదండీ, అయినా అది దీర్ఘచతురస్రమే! పేరు పెట్టినవాళ్లు పొడవు చూశారు, నిర్వచనం రాసినవాళ్లు కోణం చూశారు. పరీక్షలో మటుకు నిర్వచనమే రాయమనండి.