తీగలతో బిగించే వీడియో డోర్‌బెల్: రాత్రిపూట ఆగిపోవడం, భద్రత గురించి చర్చ

వీధిగుమ్మం:
మా ఇంట్లో పాత కాలింగ్ బెల్ స్విచ్చిని తీసివేసి, అవే తీగలకు వీడియో డోర్‌బెల్ బిగించాము. పగటివేళ అది చక్కగా పనిచేస్తోంది. చీకటి పడిన తరువాత మాత్రం తరచుగా నెట్‌వర్కు నుంచి తెగిపోయి, కాసేపటికి తనంతట తానే తిరిగి వస్తోంది. ఎవరైనా బటన్ నొక్కిన వెంటనే ఇలా జరగడం ఎక్కువగా కనిపిస్తోంది. పైగా లోపలి గంట ఎవరూ నొక్కకుండానే సన్నగా రొద చేస్తోంది. రౌటర్ తలుపుకు దగ్గరలోనే ఉంది. పెద్దవారు ఇంట్లో ఒంటరిగా ఉండే వేళల్లో దీని మీదే ఆధారపడుతున్నాము కాబట్టి, లోపం ఎక్కడుందో ఎలా కనుక్కోవాలో, పరాయివారు ఈ కెమెరాలోకి చొరబడకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

తీగలపని:
వీధిగుమ్మం గారూ, మీరు చెప్పిన లక్షణాలన్నీ కరెంటు చాలకపోవడాన్నే సూచిస్తున్నాయి. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి కాబట్టి దానికి కావలసిన కరెంటు పెరుగుతుంది. బటన్ నొక్కినప్పుడైతే తీగల్లోని కరెంటు గంటను మోగించడానికి మళ్ళుతుంది. ఆ కాస్త సమయం డోర్‌బెల్ తన లోపల నిల్వ ఉన్న కొద్దిపాటి శక్తితోనే నెట్టుకురావాలి. అప్పటికే ఆ నిల్వ తగ్గి ఉంటే పరికరం ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. చూసేవారికి ఇది వైఫై లోపంలాగా కనిపిస్తుంది.

ఇలాంటి డోర్‌బెల్‌లలో చాలావాటికి 16 నుంచి 24 వోల్టుల ఏసీ కరెంటు కావాలి. ఇంటి కరెంటు వోల్టేజీని గంటకు తగినట్టు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్లు పాత ఇళ్ళలో కొన్ని 8 లేదా 10 వోల్టులే ఇస్తాయి. వోల్టేజీ సరిపోయినా సామర్థ్యం చాలకపోవచ్చు: పాత గంట మోగినప్పుడు మాత్రమే కరెంటు తీసుకునేది, కెమెరా రోజంతా తీసుకుంటూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద వోల్టేజీ పక్కనే వీఏ అని రాసి ఉండే అంకె ఆ సామర్థ్యాన్ని తెలుపుతుంది; దానిని మీ డోర్‌బెల్ పుస్తకంలో అడిగిన అంకెతో పోల్చి చూడండి.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల అమరికలో పెట్టి, డోర్‌బెల్ వెనుక ఉన్న రెండు మరల దగ్గరే వోల్టేజీ కొలవండి. అయితే కెమెరా తీసివేసి కొలిచిన అంకెను నమ్మకండి, ఎందుకంటే భారం లేనప్పుడు బలహీనమైన ట్రాన్స్‌ఫార్మర్ కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. రాత్రి, కెమెరా పనిచేస్తూ, ఫోనులో ప్రత్యక్ష దృశ్యం తెరిచి ఉన్నప్పుడు కొలిస్తేనే నిజం తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బాగున్న అంకె తలుపు దగ్గర బాగా పడిపోతే, మధ్యనున్న తీగ సన్నగానో చాలా పొడవుగానో ఉందని, లేదా ఎక్కడో అతుకు వదులైందని అర్థం.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక వైపు ఇంటి ప్రధాన కరెంటు ఉంటుంది కాబట్టి, దానిని మార్చే పని మెయిన్ ఆపిన తరువాత, పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. కొన్ని ఇళ్ళలో కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా ప్రధాన కరెంటు మీదే నడుస్తుంది; ఆ తీగలకు డోర్‌బెల్ తగిలిస్తే అది కాలిపోవడమే కాక, మనిషికీ ప్రమాదం.

గంటమోత:
రొద గురించి నేను చెబుతాను. బటన్ నొక్కకపోయినా కెమెరాకు వెళ్ళే కరెంటు లోపలి గంట తీగచుట్ట గుండానే ప్రవహిస్తుంది. అందుకే గంట సన్నగా మూలుగుతుంది, ఒక్కోసారి దానంతట అదే మోగుతుంది కూడా. చాలా డోర్‌బెల్‌లతో పాటు గంట దగ్గర బిగించవలసిన చిన్న పెట్టె ఒకటి వస్తుంది. అది కెమెరా కరెంటుకు పక్కదారి చూపిస్తుంది. ఆ పెట్టె బిగించారో లేదో ముందు చూడండి. తరువాత యాప్‌లో గంట రకం సరిగా ఎంచుకున్నారో చూడండి, ఎందుకంటే సుత్తితో కొట్టే పాత రకం గంటకూ, పాట వినిపించే ఎలక్ట్రానిక్ గంటకూ అమరిక వేరుగా ఉంటుంది. లోపలి గంటను పూర్తిగా తొలగించి తీగలను నేరుగా కలపాలనుకునేవారు, తమ మోడల్‌కు మధ్యలో కరెంటును అదుపు చేసే రెసిస్టర్ అవసరమా అన్నది పుస్తకంలో చూసుకోవాలి. అవసరమైన చోట అది లేకపోతే పరికరం పాడవుతుంది.

రౌటర్‌వెనుక:
పై ఇద్దరితో నేను ఏకీభవిస్తున్నాను. అయినా వైఫైని పరీక్షించకుండా వదిలివేయకూడదు. తెగిపోయిన సమయంలో బయటికి వెళ్ళి డోర్‌బెల్‌ను చూడండి. దాని దీపం ఆరిపోయి, ఆన్ చేసినప్పటి వరుసలో మళ్ళీ వెలిగితే లోపం కరెంటులో ఉంది. దీపం మామూలుగా వెలుగుతూనే ఫోనులో మాత్రం దొరకకపోతే లోపం నెట్‌వర్కులో ఉంది. యాప్‌లో సిగ్నల్ బలాన్ని చూపే అంకె మైనస్ 60 డీబీఎం లేదా అంతకంటె మెరుగ్గా ఉంటే చింత లేదు. మైనస్ 70 దాటి దిగజారితే దృశ్యం తెగుతూ వస్తుంది. రౌటర్ దగ్గరలో ఉన్నా, మధ్యలో ఇనుప తలుపో కాంక్రీటు గోడో ఉంటే సిగ్నల్ పడిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై కంటె 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలను బాగా దాటుతుంది.

తాళంచెవి:
భద్రత విషయంలో చాలామంది ఒక సంగతి గమనించరు. డోర్‌బెల్‌కు తీగ ఉందంటే అది కరెంటు కోసం మాత్రమే. దృశ్యం మాత్రం ఎక్కువ మోడళ్ళలో వైఫై మీదే వెళుతుంది. తగిన పరికరం చేతిలో ఉన్నవారు గోడ బయట నిలబడి ఆ వైఫైని కొంతసేపు అడ్డుకోగలరు. డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా ప్రమాణం ఉన్న రౌటర్, డోర్‌బెల్ వాడితే నకిలీ సందేశాలతో కనెక్షన్ తెంచే పద్ధతికి అడ్డు పడుతుంది, కానీ రేడియో తరంగాలనే ముంచెత్తే జామర్‌ను అది ఆపలేదు. కాబట్టి నెట్‌వర్కు పోయినప్పుడు దృశ్యాన్ని తనలోనే దాచుకుని, తిరిగి కలిసిన తరువాత పంపే మోడల్ మేలని నా అభిప్రాయం.

అయితే గోడ బయట నిలబడే దొంగ కంటె, దూరాన కూర్చుని పాస్‌వర్డ్ ఊహించేవాడి వల్లే ప్రమాదం ఎక్కువ. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం తయారీదారులు పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రౌటర్లను పెద్ద సంఖ్యలో లోబరచుకుంది; ఆ ఏడాది అక్టోబరులో వాటితోనే, వెబ్‌సైట్ల పేర్లను వాటి ఇంటర్నెట్ చిరునామాలతో కలిపే డైన్ సంస్థ మీద దాడి జరిగి ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లు స్తంభించాయి. మరెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి, రెండంచెల ధ్రువీకరణ తప్పక ఆన్ చేయండి. ఇంట్లోవారందరూ ఒకే పాస్‌వర్డ్ పంచుకోవడం కంటె, యాప్‌లోని ఆహ్వానం ద్వారా ఎవరి ఖాతా వారికి ఇవ్వడం మంచిది. అవసరం తీరినప్పుడు ఒకరి అనుమతిని మాత్రమే తీసివేయవచ్చు. రౌటర్‌లో బయటి ఇంటర్నెట్ నుంచి ఇంటి పరికరాలకు దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ అనే అమరికలను ఆపివేసి, డోర్‌బెల్‌ను మిగతా పరికరాలకు విడిగా ఉండే అతిథి నెట్‌వర్కులో ఉంచండి. పరికరం లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ దానంతట అదే నవీకరించుకునేలా పెట్టండి.

నీలితీగ:
వైఫై జామర్ భయం ఉన్నవారు పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) డోర్‌బెల్ ఎంచుకోవచ్చు. ఒకే ఈథర్నెట్ తీగ మీద కరెంటూ దృశ్యమూ వెళతాయి, 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణంలో నెట్‌వర్కు స్విచ్చి ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల వరకు ఇస్తుంది, తీగ పొడవు 100 మీటర్ల లోపు ఉండాలి. కానీ దీనితో మీ ఇంటి నెట్‌వర్కు తీగ ఒకటి గోడ బయటికి వస్తోందని మరచిపోకండి. డోర్‌బెల్‌ను విప్పి ఆ తీగను తన ల్యాప్‌టాప్‌కు తగిలించినవాడు నేరుగా మీ నెట్‌వర్కులో ఉంటాడు. ఆ పోర్టును వేరే వీలాన్‌లో, అంటే మిగతా నెట్‌వర్కు నుంచి విడదీసిన భాగంలో పెట్టి, అక్కడి నుంచి దృశ్యాన్ని నిల్వ చేసే రికార్డర్‌కు తప్ప ఇంకెక్కడికీ దారి లేకుండా చేయాలి. కనెక్షన్ తెగగానే హెచ్చరిక వచ్చేలా అమర్చుకోవాలి.

వీధిగుమ్మం:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి కొలిస్తే తలుపు దగ్గర 11 వోల్టులే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ చేత 16 వోల్టులు, 30 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ వేయించి, గంట దగ్గర పెట్టె బిగించాము. రొద పోయింది, రాత్రిళ్ళు ఆగడం లేదు. ఇక ఒక సందేహం మిగిలింది. ఎదురింటి వాకిలి కూడా దృశ్యంలో పడుతోంది, వారి మాటలు కూడా వినిపిస్తున్నాయి. దీనికి ఏం చేయాలి?

తాళంచెవి:
యాప్‌లో ప్రైవసీ జోన్ అనే అమరిక ఉంటే, వారి వాకిలి పడే భాగాన్ని నల్లగా కప్పివేయండి. కదలిక జోన్‌ను తగ్గించినంత మాత్రాన చాలదు. అది హెచ్చరికలను తగ్గిస్తుందే తప్ప, ఆ భాగం రికార్డు కావడాన్ని ఆపదు. డోర్‌బెల్ కింద బిగించే వాలు పలక కోణాన్ని మీ గుమ్మం వైపు తిప్పుతుంది. ధ్వని రికార్డింగ్ ఆపివేసే వీలుంటే ఆపివేయండి. పాత దృశ్యాలు ఎన్నాళ్ళు నిల్వ ఉండాలో కూడా మీరే తగ్గించి పెట్టండి. ఇవన్నీ చేసిన తరువాత మీ ఫోనులో కనిపించే దృశ్యాన్ని ఎదురింటి వారికే ఒకసారి చూపించి, వారికి అభ్యంతరం ఉందేమో అడగడం మంచిది.