పాత ఇంటి వంటగదిలో గట్టు కింద ప్లైవుడ్ పెట్టించొచ్చా?

మల్కాజ్‌గిరిలో పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాం. మిగతా గదులకు రంగులేస్తే సరిపోతుంది గానీ వంటగదితోనే టెన్షన్. కడప బండ గట్టు, కింద తలుపుల్లేని అరలు, పైన పొగచూరిన అటక, ఇక సింకు వెనక గోడయితే ఎప్పుడూ చెమ్మే, వేలితో గీస్తే సున్నం పెచ్చులుగా రాలుతోంది, ఆ మూలనే చెదలు కూడా కనిపించాయి. లోపలున్నవి పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపులు, బోరు నీళ్ల ఉప్పుకి సగం పూడుకుపోయాయి. అవి తీసేసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేద్దామని ప్లంబర్ అన్నాడు, అది నాకూ సబబే అనిపించింది.

అసలు గొడవ గట్టు కింద అరల దగ్గరే. మాడ్యులర్ కిచెన్ వాళ్లు ఐఎస్ 710 మార్కున్న (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) బీడబ్ల్యూపీ, అంటే మరిగే నీళ్లకీ తట్టుకునే రకం ప్లైవుడ్ చాలంటున్నారు. నీళ్లకి తట్టుకుంటుంది సరే, మరి చెదలకి? మేస్త్రీ ఏమో కడప బండలే నిలువుగా నిలబెట్టి అల్యూమినియం తలుపులు పెట్టించమంటాడు, మా అత్తగారి ఓటు కూడా ఆయనకే. పాత ఇంట్లో ఇలా చేయించుకున్నవాళ్లుంటే ఏది నిలబడిందో కాస్త చెప్పండి. గోడ పూర్తిగా ఆరకముందే టైల్స్ అంటించేస్తే తర్వాత ఊడతాయా? చిమ్నీ పాయింట్ కోసం పాత వైరింగంతా మార్చాల్సిందేనా?