సీడీఎస్‌కు ఐదో నక్షత్రం ఇవ్వాలా?

గోదావరి గట్టు:
2025 మేలో పాకిస్తాన్ తన ఆర్మీ చీఫ్ ఆసిమ్ మునీర్‌ను ఫీల్డ్ మార్షల్ (ఐదు నక్షత్రాల, అంటే ఫైవ్ స్టార్ హోదా) చేసింది. వాళ్లు చేశారు కాబట్టి మనమూ చేయాలని నేననను. మన చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (సీడీఎస్) సంగతి చూడండి, మూడు దళాలను సమన్వయం చేసే పదవి అది. 2020 జనవరి 1న బిపిన్ రావత్ బాధ్యతలు తీసుకున్నప్పటి నుంచి అది ఫోర్ స్టార్ పదవే. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ చీఫ్‌లూ ఫోర్ స్టార్లే. రేపు థియేటర్ కమాండ్లు (ఒక ప్రాంతంలోని మూడు దళాలూ ఒకే కమాండర్ కింద ఉండే ఏర్పాటు) వచ్చి, వాటికీ ఫోర్ స్టార్ అధికారులనే పెడితే చివరి మాట ఎవరిది? సీడీఎస్‌ను ఫైవ్ స్టార్ చేస్తే ఈ గొడవే ఉండదు.

మాజీ హవల్దార్, సికింద్రాబాద్:
ఒప్పుకోను తమ్ముడూ. మన దేశంలో ఫీల్డ్ మార్షల్ అంటే గౌరవం, డ్యూటీ కాదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో ఆర్మీ చీఫ్‌గా ఉన్న మానెక్‌షాకు 1973 జనవరి మొదట్లో ఇచ్చారు, అదే నెల 15న ఆయన చీఫ్ పదవి దిగిపోయారు. భారతీయుల్లో తొలి ఆర్మీ చీఫ్ కరియప్పకు ఇచ్చింది 1986లో, ఆయన రిటైరైన 33 ఏళ్లకు. ఎయిర్‌ఫోర్స్‌లో దానికి సమానమైన హోదా మాజీ చీఫ్ అర్జన్ సింగ్‌కు 2002లో. ముగ్గురిలో ఒక్కరూ ఆ హోదాతో యుద్ధం నడపలేదు. పైగా ఈ హోదాకు రిటైర్మెంట్ లేదు, బతికున్నంతకాలం సర్వీసులో ఉన్నట్టే లెక్క. సీడీఎస్ మారినప్పుడల్లా ఒకరు చొప్పున పెరిగితే, 1971 గెలుపుకు దక్కిన ఆ గౌరవానికి విలువేం మిగులుతుంది? ఉన్న ముగ్గురిలో మానెక్‌షాకే జీతం బకాయిలు సరిగా ఇవ్వలేకపోయాం. కోటి రూపాయలు దాటిన ఆ చెక్కు ఆయన చేతికి అందింది 2007లో, చనిపోవడానికి ఏడాది ముందు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

చరిత్ర విద్యార్థిని:
అమెరికా ఉదాహరణ గోదావరి గట్టు గారి వైపే ఉంది. కొరియా యుద్ధంలో అక్కడి సేనలను నడిపిన మెకార్థర్ ఫైవ్ స్టార్, ఆయన పైనున్న జాయింట్ చీఫ్స్ ఛైర్మన్ బ్రాడ్లీ ఫోర్ స్టార్. 1950 సెప్టెంబర్‌లో బ్రాడ్లీకీ ఐదో నక్షత్రం ఇచ్చారు. ఆ తర్వాత అక్కడ ఎవరికీ ఇవ్వలేదు.
కానీ అంతకుముందు జరిగింది ఇంకోటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 సెప్టెంబర్ 1న బ్రిటన్ తన జనరల్ మాంట్‌గోమరీని ఫీల్డ్ మార్షల్ చేసింది. ఆయనకు ఆదేశాలిచ్చే మిత్రదేశాల సుప్రీం కమాండర్, అమెరికా జనరల్ ఐసన్‌హోవర్‌కు డిసెంబర్ 20 దాకా నాలుగు నక్షత్రాలే. అంటే మూడున్నర నెలలు ఫోర్ స్టార్ జనరల్ కింద ఫీల్డ్ మార్షల్ పనిచేశారు! సుప్రీం కమాండర్ ఎవరో కాగితం మీద స్పష్టంగా ఉంది కాబట్టే అది నడిచింది.

సిక్కోలు:
1971లో సిల్హెట్ (ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉంది) వైపు డివిజన్‌ను నడిపించిన మన కె.వి.కృష్ణారావు గారు అప్పుడు మేజర్ జనరల్. 1981లో ఆర్మీ చీఫ్ అయ్యారు, ఫోర్ స్టార్‌తోనే రిటైరయ్యారు. ఆయన మాట చెల్లలేదని ఎవరైనా అనగలరా?

గోదావరి గట్టు:
సిక్కోలు గారూ, ఆయన తన సైన్యానికి చీఫ్. సీడీఎస్ ఎవరికీ చీఫ్ కాదు, అదే నా బాధ. ముగ్గురు చీఫ్‌లతో సహా ఎవరి మీదా సీడీఎస్‌కు మిలిటరీ కమాండ్ ఉండదని 2019లో ప్రభుత్వమే ప్రకటించింది.

మాజీ హవల్దార్, సికింద్రాబాద్:
అయితే మార్చాల్సింది ఆ వాక్యాన్ని, భుజం మీది బ్యాడ్జిని కాదు. ఉమ్మడి కమాండర్ తన కింద పనిచేసే మూడు దళాల వాళ్ల మీదా క్రమశిక్షణ చర్య తీసుకునేలా 2023లో చట్టమే తెచ్చారు. ఆ చట్టం ఎవరికీ కొత్త స్టార్ ఇవ్వలేదు. థియేటర్ కమాండర్ ఎవరికి జవాబుదారీయో కూడా అలాగే రాసేయమనండి.

చరిత్ర విద్యార్థిని:
రాయాలంటే ముందు ముగ్గురు చీఫ్‌లు తమ ఆపరేషన్ల అధికారం వదులుకోవడానికి ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి పని నలుగుతున్నది అక్కడేగా.