పత్తి, రాట్నం, గ్యాస్ పొయ్యి ఒకే కప్పు కింద ఉన్న ఇంటికి ఏ అగ్నిమాపక సిలిండర్ కొనాలి?

పొందూరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది పొందూరు. మా అత్తగారు ఇప్పటికీ కొండపత్తి ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద నూలు వడుకుతారు. ముందు గదిలో గోడవారగా పత్తి గంప, ఎండిన అరటి పట్టల్లో చుట్టిన ఏకులు, వడికిన నూలు చిలపలు ఎప్పుడూ ఉంటాయి. ఆ గది దాటితే వంటిల్లే, మధ్యలో తలుపు కూడా లేదు. గ్యాస్ పొయ్యి అక్కడ, నీళ్లు కాచే కట్టెల పొయ్యి పెరట్లో. మా వారు విశాఖలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు మాత్రమే ఇంటికి వస్తారు. పగలు ఉండేది మేమిద్దరం ఆడవాళ్లం, సాయంత్రానికి బడి నుంచి వచ్చే పాప.

శ్రీకాకుళంలో ఒక దుకాణంలో అడిగితే మూడు రకాలు చూపించారు. పొడి ఉండే ఎర్ర సిలిండర్, నల్లటి వెడల్పు మూతి ఉన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, దోమల మందు డబ్బా అంత చిన్న స్ప్రే. ఏది అడిగినా "అన్ని మంటలకూ పనిచేస్తుందమ్మా" అన్నారు. ఆ మాట నాకు నమ్మకంగా అనిపించలేదు. అత్తగారికి అరవై దాటాయి, బరువు ఎత్తలేరు. ఆమె ఒక్కరే ఉన్నప్పుడు కూడా పనికొచ్చేలా ఏది తీసుకోవాలి? ఎక్కడ పెట్టాలి? తెలిసినవారు చెప్పగలరు.

విజయనగరం అపార్ట్‌మెంట్ వాసి:

మేము కార్బన్ డయాక్సైడ్ రకం తీసుకున్నామండీ. కొట్టిన తర్వాత ఇంట్లో ఏమీ మిగలదు. పొడి రకం కొడితే ఇల్లంతా తెల్లటి దుమ్ము, టీవీలోకి, ఫ్రిజ్‌లోకి కూడా పోతుంది. కరెంటు మంటలకు కూడా అదే మంచిదని మా ఎలక్ట్రీషియన్ చెప్పాడు. మీ పత్తి కూడా పాడవదు కదా.

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి, విజయనగరం:

అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. సిలిండర్ సంగతి తర్వాత, ముందు మీ ఇంట్లో కాలేది ఏమిటో చూడాలి. పత్తి ఒకటి, నూనె ఒకటి, గ్యాస్ ఒకటి, కరెంటు ఒకటి. నాలుగింటి స్వభావమూ వేరు.

పైన రాసినవారు కరెంటు మంటల గురించి చెప్పింది నిజమే. స్విచ్ బోర్డుకో ఫ్రిజ్‌కో అంటుకుంటే కార్బన్ డయాక్సైడ్ చక్కగా పనిచేస్తుంది. పత్తికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఆ వాయువు మంట చుట్టూ ఉన్న ప్రాణవాయువును కాసేపు తరిమేస్తుంది. అది చెదిరిపోగానే పత్తి లోపల దాగిన నిప్పు మళ్లీ రాజుకుంటుంది. పత్తి నిప్పు పైకి కనిపించేది తక్కువ, లోపల పాకేది ఎక్కువ. పైన మంట ఆరి నల్లగా కనిపించిన గంప గంట తర్వాత మళ్లీ పొగ వదలడం నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఏ సిలిండర్‌నైనా దగ్గరగా నిలబడి కొడితే ఆ వేగానికి కాలుతున్న పత్తి పింజలు ఎగిరి చిలపల మీద పడతాయి. ఒకచోట ఉన్న మంట నాలుగు చోట్లకు వెళుతుంది.

పత్తికి నీళ్లే సరైన మందు. అయితే ముడి పత్తికి సహజంగా మైనం పూత ఉంటుంది, మామూలు నీళ్లు దాని మీద నుంచి జారిపోతాయి. బకెట్ నీళ్లలో గుప్పెడు బట్టల సబ్బు పొడి కలిపితే నీరు లోపలికి దిగుతుంది. రాట్నం గదిలో ఒక మూల అలాంటి బకెట్, అందులో ఒక చెంబు, పక్కన ఒక గోనె సంచి ఎప్పుడూ ఉంచండి. నిప్పు పడితే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. తడిపిన గోనెను దాని మీద పరిచి, ఆపైన నీళ్లు పోయండి. ఆరిందనుకున్న గంపను ఇంట్లో వదలకండి. పెరట్లోకి తెచ్చి, విప్పదీసి, మళ్లీ తడపండి. మీ అత్తగారు ఒక్కరే ఉన్నా చెంబుతో నీళ్లు చల్లగలరు, దానికి శిక్షణ అక్కరలేదు.

ఇక వంటింటి కోసం ఏబీసీ పొడి సిలిండర్ (ఏ అంటే ఘన పదార్థాల మంట, బీ అంటే నూనెలాంటి ద్రవాలది, సీ అంటే గ్యాస్‌ది), 2 కిలోలది తీసుకోండి. 2 కిలోలంటే లోపలి పొడి బరువు మాత్రమే, డబ్బాతో కలిపితే దాదాపు రెట్టింపు ఉంటుంది. దుకాణంలోనే అత్తగారి చేత ఎత్తించి చూడండి. ఆమెకు బరువైతే 1 కిలోది తీసుకోండి. ఎత్తలేని పెద్ద సిలిండర్ ఇంట్లో ఉండీ లేనట్టే. ఐఎస్ఐ గుర్తు, దాని కింద ఐఎస్ 15683 అన్న సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. మీటరు ముల్లు పచ్చ గీతలో ఉండాలి. స్ప్రే డబ్బా జోలికి వెళ్లవద్దు, దానిలో ఉన్నది చాలా కొద్ది.

అందులోని పొడి మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. వేడికి కరిగి, కాలుతున్న కట్టె మీద, గుడ్డ మీద పూతలా అంటుకుని గాలి తగలనివ్వదు. అందుకే ఘన పదార్థాలకూ, నూనెకూ, గ్యాస్‌కూ, కరెంటు సామానుకూ పనికొస్తుంది. పని అయ్యాక ఆ పొడిని వెంటనే ఊడ్చి తుడవాలి. తేమ తగిలితే ఇత్తడి, ఇనుప సామాను పాడుచేస్తుంది.

2 కిలోల సిలిండర్ పనిచేసేది పది సెకన్లకు అటూ ఇటూ మాత్రమే. కాబట్టి వాడేటప్పుడు కంగారు పడకూడదు. పిన్ను లాగాలి. రెండు మీటర్ల దూరంలో, బయటికి వెళ్లే దారి వీపు వెనుక ఉండేలా నిలబడాలి. మూతిని మంట కొసకు కాకుండా మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, ఎడమకూ కుడికీ ఊపాలి. పది సెకన్లలో లొంగకపోతే ఇక అది మీ మంట కాదు. పాపను, అత్తగారిని బయటికి తెచ్చి, తలుపు దగ్గరగా వేసి 101కి ఫోన్ చేయండి.

సిలిండర్‌ను పొయ్యి పక్కన మేకుకు తగిలించే ఇళ్లు చాలా చూశాను. మంట దాటి వెళ్లి దాన్ని అందుకోవడం ఎలా కుదురుతుంది? మీకు వంటిల్లు, ముందు గది కలిసే చోటు ఉంది కదా, అక్కడ గోడకు అత్తగారి చేతికి అందే ఎత్తులో పెట్టండి.

కాశీబుగ్గ నుంచి:

మాది జీడిపప్పు పని. జీడి తొక్కలో నూనె ఉంటుంది, అంటుకుంటే చాలా ఉధృతంగా కాలుతుంది, పొగ కళ్లు తెరవనివ్వదు. మా దగ్గర సిలిండర్లతో పాటు ఇసుక బకెట్లు కూడా ఉంటాయి. ఇసుక వాన తడికి గడ్డకట్టకుండా మూత పెట్టుకోవాలి. ఒకసారి చూసేసరికి మా ఇసుక బకెట్‌లో పనివాళ్లు బీడీ ముక్కలు, కాగితాలు పడేసి ఉన్నారు. అప్పటి నుంచి బకెట్ బాధ్యత ఒకరికే అప్పగించాం. మీ నీళ్ల బకెట్‌ను కూడా మీలో ఒకరు రోజూ చూసుకోండి. వేసవిలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి.

పొందూరు కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. ఫైర్ సర్వీసు గారూ, మీరు రాసింది అత్తగారికి చదివి వినిపించాను. బకెట్ ఈరోజే పెట్టాం. ఇంకా రెండు సందేహాలు. మూకుడులో నూనె అంటుకుంటే కూడా సిలిండరే కొట్టాలా? గ్యాస్ సిలిండర్ మూతి దగ్గరే మంట వస్తే ఏం చేయాలి? రెండోదే నాకు ఎక్కువ భయం.

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి, విజయనగరం:

నూనెకు ముందు మూత. పొయ్యి ఆపి, మూకుడుకు సరిపోయే మూతను పక్క నుంచి జరుపుతూ కప్పేయండి. మూకుడును కదపకండి, చల్లారేదాకా మూత తీయకండి. మూత లేకపోతేనే సిలిండర్, అదీ దూరం నుంచి. దగ్గర నుంచి కొడితే నూనె చిందుతుంది. నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. నీరు నూనె అడుగుకు వెళ్లి క్షణంలో ఆవిరవుతుంది. ఆవిరి నీటికి 1,700 రెట్ల దాకా వ్యాకోచిస్తుంది. ఆ తోపుకు కాలుతున్న నూనె కప్పు దాకా లేస్తుంది. సబ్బు నీళ్ల బకెట్ పత్తికే, వంటింట్లోకి రాకూడదు. ఇది పాపకు కూడా చెప్పండి.

గ్యాస్ విషయంలో ముందు రెగ్యులేటర్ నాబ్ కట్టేయాలి. నాబ్‌కు చేయి అందకపోతే, చేతికి తడి గుడ్డ చుట్టుకుని, తడి గోనెను సిలిండర్ మీద కప్పి కట్టేయవచ్చు. అప్పుడు మంట దానంతట అదే ఆరుతుంది. గ్యాస్ ఆపలేని పరిస్థితిలో మంటను ఆర్పకండి. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. మంట ఆరి గ్యాస్ మాత్రం వస్తూ ఉంటే అది గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. మీ ముందు గదిలోకి పాకి, ఎక్కడో ఒక నిప్పురవ్వ తగిలితే ఇల్లంతా పేలుతుంది. అలాంటప్పుడు అందరూ బయటికి వచ్చేసి 101కి చెప్పండి.

మంట లేకుండా వాసన మాత్రమే వస్తే ఏ స్విచ్చూ వేయకండి, తీయకండి. తలుపులు తెరిచి, నాబ్ కట్టేసి, బయటికి వచ్చాకే గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. రబ్బరు గొట్టం మీద ముద్రించిన తేదీని కూడా ఈ పూటే చూడండి. దాని గడువు 5 ఏళ్లు. ఆ గొట్టానికి పగుళ్లు ఉంటే గడువుతో పని లేదు, వెంటనే మార్చేయండి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడులో మరణించిన మా శాఖ సిబ్బంది స్మృతిగా పాటిస్తాం. ఆ వారంలో మీకు దగ్గరి ఫైర్ స్టేషన్‌లో అడిగితే నిజమైన మంట మీద సిలిండర్ కొట్టి చూపిస్తారు. అత్తగారిని తీసుకెళ్లి, ఆమె చేత ఒకసారి పిన్ను లాగించండి. పిన్ను కొంచెం బిగువుగానే ఉంటుంది, మెలితిప్పి లాగాలని చేతికి తెలియాలి. ఇంట్లోది మాత్రం సరదాకు నొక్కకండి. ఒక్కసారి నొక్కినా ఒత్తిడి కారిపోతుంది, మళ్లీ నింపించాలి. నెలకోసారి ముల్లు చూసి, డబ్బాను తలకిందులు చేసి రెండు తట్లు తట్టండి. మన వైపు తేమకు పొడి అడుగున గట్టిపడుతుంది.

పొందూరు కోడలు:

ఆదివారం మా వారు వచ్చినప్పుడు శ్రీకాకుళం వెళ్లి 2 కిలోలది ఎత్తించి చూస్తాం. గొట్టం మీద తేదీ చూశాను, గడువు దాటి ఏడాది అయింది. కొత్తదానికి ఇప్పుడే చెప్పాను, అది వచ్చేదాకా వంట కట్టెల పొయ్యి మీదే.