స్ట్రోక్ తర్వాత కాంజీ ఒక్కటే రాయలేకపోవడం ఉంటుందా?

ప్రశ్న (టోక్యో దగ్గర ఉంటున్నాను)
మా ఇంటి ఓనరు గారికి మార్చిలో బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది, దెబ్బ మెదడులో ఎడమవైపే. మాట బాగానే తిరిగొచ్చింది, చెయ్యి ఆడుతోంది, పేపరు చదువుతున్నారు. రాయమంటే మాత్రం హిరగానా, అంటే శబ్దాన్ని బట్టి రాసే జపాన్ అక్షరాలు, ఒక్కటే వస్తోంది, చైనా నుంచి వచ్చిన కాంజీ గుర్తులు రావట్లేదు. నిన్న నా ముందే చెట్టు అనే కాంజీ రాయబోయారు. నాలుగే గీతలు, ఒకటో క్లాసు పిల్లలు రాసేది. అడ్డగీత పెట్టారు, నిలువుగీత దించారు, అక్కడ పెన్ను ఆగిపోయింది. వాళ్లావిడేమో శ్రద్ధ పెట్టట్లేదని రోజూ పిల్లల కాపీ పుస్తకం ముందేసి కూర్చోబెడుతోంది, చూడలేకపోతున్నాను. అదే చెయ్యి, అదే పెన్ను, ఒక లిపి ఉండి ఇంకోటి ఎలా పోతుంది?

జవాబు 1 (స్పీచ్ థెరపిస్ట్, విశాఖ)
ఉంటుందండీ. అది బద్ధకం కాదు, మతిమరుపూ కాదు, ముందు ఆవిడకి ఆ మాట చెప్పండి. హిరగానా మన అక్షరాల్లాంటిదే, మూలాక్షరాలు 46, పలికింది పలికినట్టు రాసుకుంటూ పోవచ్చు. కాంజీ అలా కాదు, ప్రభుత్వం రోజువారీ వాడకానికి పెట్టిన పట్టికలోనే 2,136 ఉన్నాయి, దేని రూపం దానికే గుర్తుండాలి, పలికినంత మాత్రాన గీతలు తట్టవు. మెదడులో చెవి పక్కనుండే ఎడమ టెంపొరల్ లోబ్‌లో వెనక, కింది భాగం దెబ్బతింటే ఆ రూపాలు గుర్తుకు రావు, శబ్దాన్ని పట్టుకుని రాసే దారి మాత్రం మిగులుతుంది. 1980ల నుంచీ జపాన్ న్యూరాలజిస్టులు ఇలాంటి కేసులు రాస్తున్నారు. కొందరికి చదవడం కూడా పోతుంది, ఈయనకి అది మిగిలింది. మెదడు ముందుభాగం, అంటే ఫ్రంటల్ లోబ్, దెబ్బతిన్న కొందరిలో ఇది తిరగబడి హిరగానా లాంటి శబ్దాక్షరాలే (కానా) ఎక్కువ తప్పుతాయి. మనకి తెలుగు రాయడానికి ఉన్నది ఒకే లిపి కాబట్టి ఇంత స్పష్టంగా ఈ తేడా బయటపడదు.

జవాబు 2 (ఒసాకా)
అక్కా, ఫోన్ ఇచ్చి చూడండి. హిరగానాలో టైప్ చేస్తే సరిపోయే కాంజీలు కింద వరసగా వస్తాయి, చదవడం వచ్చు కాబట్టి ఏరుకుంటారు. ఆసుపత్రిలో గెంగో చోకాకుషి ఉంటారు, మన స్పీచ్ థెరపిస్టులాంటివాళ్లే, చేతిరాత సాధన వాళ్ల దగ్గరే చేయించండి. కాపీ పుస్తకంలో చూసి దించడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయడం వేరు.

ప్రశ్న వేసినవారు
ఇద్దరికీ థాంక్సండీ. ఆవిడకి కూర్చోబెట్టి చెప్పాను, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత లేచి ఆ పుస్తకం తీసి బీరువాలో పెట్టేసింది. ఈరోజు పొద్దున ఆయన నుంచి మెసేజ్ వచ్చింది: "రేపు చెత్త తీసుకెళ్లే రోజు, మర్చిపోకు." కాంజీలన్నీ సరిగ్గానే ఉన్నాయి.